సరంగు మోటారు, పదకొండేళ్ళ నిద్ర

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. సరంగు ఆడిన అబద్ధం ఎంత బాగా అతికిందంటే, పదకొండేళ్ళ తరవాత దాన్ని ఊడబెరకడం ఆడినవాడి వల్లే కాలేదు.

అతన్ని అందరూ సరంగనే పిలుస్తారు. ఒకప్పుడు పదిమంది పట్టే పడవకి మోటారు తగిలించి ఏరు దాటించేవాడు. ఏటి మీద వంతెన పడ్డాక జనం బస్సులెక్కేశారు. తక్కిన పడవలవాళ్ళు పడవలు అమ్ముకున్నారు. ఇతను మాత్రం అమ్మలేక పెరట్లో ఇటుకల మీద బోర్లించి, ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకిచ్చే కొట్టు పెట్టుకున్నాడు. కుర్చీలు తోపుడుబండి మీద వేసుకుని వీధిలో వెళుతుంటే కూడా జనం "సరంగు వస్తున్నాడు, తప్పుకోండి" అంటారు. పని పోయినా పేరు మిగలడమంటే అదే.

పడవ పెరట్లో ఉంది కదా, దాని మోటారు వెనకగదిలో ఉంది. పడవ వెనక చెక్కకి తగిలించే రకం అది. పైన ఇంజను తలకాయ, దాని మీద బోర్లించిన మూత, కింద పొడుగాటి కాలు, కాలి చివర మూడు రెక్కల పంకా. గోడకి చేరేసిన చెక్కస్టాండు మీద పదకొండేళ్ళుగా ముసుగేసుకుని నిలబడి ఉంది. ముసుగు సరంగు భార్య పాత చీర. రెక్కలకి సంచులు తగిలిస్తారు, పిడికి గొడుగు. కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళు ఆ గది గుమ్మంలోంచి తొంగిచూసి, లోపల ఎవరో పెద్దావిడ అలిగి నిలబడిందనుకుని తలుపు దగ్గరగా వేసి వచ్చేసేవారు.

ఓ మంగళవారం పొద్దున ఫోను మోగింది. అవతల సరంగు భార్య అక్కగారు. సరంగుకి వదిన. హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మనిషి, ఏటి అవతలి ఒడ్డున ఒక్కతే ఉంటుంది. గోడగడియారం రెండు నిమిషాలు వెనకబడిందని స్టూలెక్కి సరిచేయబోయి కింద పడింది. కాలు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఈ సంగతంతా పాఠం చెప్పినట్టు వరసగా చెప్పి, చివర్లో గడియారం మాత్రం ఇప్పుడు సరిగ్గా నడుస్తోందని కూడా చెప్పింది.

సరంగు భార్య ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడి ఏడ్చింది. తల్లి పోయాక తనకి జడలు వేసి, చదువు చెప్పి, పెళ్ళి చేసింది ఆ అక్కే. ఇప్పుడు మంచినీళ్ళు అందించే దిక్కు లేకుండా మంచాన పడింది. వెళ్ళాలి. వెళ్ళడమెలా? సరంగు భార్యకి చక్రాలున్న ఏ బండి ఎక్కినా కడుపులో దేవేస్తుంది. కారైనా అంతే, ఆటో అయినా అంతే. అయినా బుధవారం తెగించి, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని వంతెన మీదుగా పోయే బస్సెక్కింది. గంటన్నర ప్రయాణం. రెండో స్టాపులో కండక్టరే చెయ్యి పట్టుకుని దింపాడు. నిమ్మకాయ బస్సులోనే ఉండిపోయింది, ఆవిడ నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

తెడ్డు వేసుకుని పోదామంటే ఏరు దగ్గర దగ్గర మైలు వెడల్పు. సరంగుకి కుడి భుజం పట్టేసి రెండేళ్ళయింది, తల దువ్వుకోవడానికే ఎడంచెయ్యి వాడతాడు.

ఆవిడ మొహం కడుక్కుని వచ్చి భర్త ముందు నిలబడింది.

"మోటారు బాగుచేయించండి. ఆదివారం తొమ్మిదింటికి నేను అక్క దగ్గరుండాలి."

సరంగు పరిస్థితి దొంగకి తేలు కుట్టినట్టయింది. ఎందుకంటే ఆ మోటారుకి ఏ రోగమూ లేదు. దాన్ని ఆపింది తనే.

ఆ కథ చెప్పుకోవాలి. వంతెన పడి పడవ పని పోయాక కూడా ప్రతి ఆదివారం భార్యని పడవలో అక్కగారింటికి తీసుకెళ్ళేవాడు. తొమ్మిదింటికి అక్కడుండాలి. అయిదు నిమిషాలు ఆలస్యమైతే వదిన గుమ్మంలో నిలబడి గడియారం వైపు చూసేది, మనిషి వైపు చూసేది కాదు. లోపలికెళ్ళాక చొక్కా గుండీలు లెక్కపెట్టేది. గోళ్ళు చూపించమనేది. భోజనం వడ్డించబోయే ముందు ఎక్కం అడిగేది. ముప్పై ఏళ్ళు బడి నడిపిన ప్రాణం, బడి పోయాక ఎవరినో ఒకరిని అడగాలి కదా. ఇంట్లో దొరికింది మరిది ఒక్కడే.

పన్నెండో ఎక్కం దాకా సరంగు నెట్టుకొచ్చేవాడు. పదమూడో ఎక్కంలో పదమూడు ఏడ్లు దగ్గరికొచ్చేసరికి పడవ ఇసకలో కూరుకున్నట్టు ఆగిపోయేవాడు. ఏరు పొంగినప్పుడు సుడిగుండాల మధ్య నుంచి పదిమందిని ఒడ్డుకి చేర్చిన మనిషి, కంచం ముందు చేతులు కట్టుకుని నిలబడి తొంభై మూడు అనీ, తొంభై ఏడు అనీ చూరు వైపు చూస్తూ గొణిగేవాడు. ఒక ఆదివారం వదిన పక్కింటివాళ్ళ ముందు కూడా అడిగింది. పక్కింటాయన జాలిపడి చెయ్యి అడ్డం పెట్టుకుని జవాబు అందించాడు. అది వదిన చూసింది. ఇద్దరినీ నిలబెట్టింది.

ఆ వారమే సరంగు తెగించాడు. ఆ రకం మోటారుకి బొటనవేలంత ఎర్ర క్లిప్పు ఒకటి ఉంటుంది. దానికి టెలిఫోను తీగలా మెలికలు తిరిగిన తాడు తోకగా ఉంటుంది. క్లిప్పు మోటారు మీద బొత్తాం కింద దూరి ఉంటే, తాడు నడిపేవాడి మణికట్టుకి ఉంటుంది. మనిషి నీళ్ళలో పడితే క్లిప్పు ఊడొచ్చి మోటారు ఆగిపోతుంది. క్లిప్పు లేకపోతే బ్రహ్మదేవుడొచ్చి లాగినా మోటారు అంటుకోదు. సరంగు ఆ క్లిప్పు పీకేశాడు. ఖాళీ కనబడకుండా బొత్తాం చుట్టూ నల్లటేపు చుట్టాడు. ఆదివారం పొద్దున భార్యని పడవలో కూర్చోబెట్టి, స్టార్టు చేసే తాడు నలభైసార్లు లాగాడు. చెమట నిజమైనదే. తరవాత మోటారు మీద చెయ్యేసి, పోయినవాళ్ళ దగ్గర మాట్లాడే గొంతుతో "ఇక లాభం లేదు" అన్నాడు.

ఒక్క వారం సెలవు చాలనుకున్నాడు. అయితే వారానికే బాగైందంటే, అంతలోనే బాగయ్యేదానికి అంత ఏడుపెందుకని అడుగుతారు. నెల ఆగాడు. నెలకి సామాను దొరకలేదన్నాడు. ఏడాదికి ఆ కంపెనీయే మూతపడిందన్నాడు. అలా అబద్ధానికి అబద్ధం పుట్టి, పిల్లా జెల్లాతో వెనకగదిలో కాపురం పెట్టింది. మొదట్లో వదినే అప్పుడప్పుడు బస్సులో వచ్చిపోయేది. మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాక అదీ మానేసింది. అక్కాచెల్లెళ్ళకి ఫోనే మిగిలింది.

సరే, ఇప్పుడేం కష్టం, క్లిప్పు తెచ్చి పెట్టేస్తే పోలా అంటారు. క్లిప్పు ఎవరికీ దొరక్కూడదని చాలా గొప్ప చోటు చూసి దాచాడు సరంగు. ఆ చోటు ఎంత గొప్పదంటే, అదెక్కడో అతనికే గుర్తులేదు.

బుధవారం సాయంత్రం నుంచి వెతుకులాట మొదలైంది. అటక మీద తల దూర్చాడు. పాత చెప్పుల్లో చేతులు పెట్టాడు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా ముంచాడు. ఏం వెతుకుతున్నారని భార్య అడిగితే అటక దగ్గర టార్చి అన్నాడు, చెప్పుల దగ్గర రసీదు అన్నాడు, బియ్యం దగ్గర ఏమనాలో తోచక పురుగులు పట్టాయేమో చూస్తున్నానన్నాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో బియ్యం మీద అతనికి ఇంత శ్రద్ధ కలగడం అదే మొదలు. ఆవిడ కాసేపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

భర్త మీద భారం వేస్తే పని కాదని ఆవిడకి తెలుసు. గురువారం పొద్దున్నే తనే వెళ్ళి మిక్సీని పిలుచుకొచ్చింది. మిక్సీ అంటే పక్క సందులో మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే మనిషి. నలభై ఏళ్ళవాడు, సరంగుని బాబాయ్ అనీ ఆవిడని పిన్నీ అనీ పిలుస్తాడు. పడవ మోటారు ఎప్పుడైనా విప్పావా అని సరంగు ఆశగా, అంటే విప్పలేదంటాడేమోనన్న ఆశతో అడిగాడు. తిరిగేదేదైనా తనకి ఒకటేనన్నాడు మిక్సీ. మిక్సీలో పచ్చడి తిరుగుతుంది, దీంట్లో ఏరు తిరుగుతుంది, తేడా అంతే అన్నాడు.

చీర తీశారు. మూత పట్టుకుని పైకెత్తారు. లోపల ఒక కాపురం కాదు, మూడు కాపురాలున్నాయి. పైన కందిరీగలు మట్టిగూడు కట్టాయి. పక్కన ఒక బల్లి ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఇల్లు ఖాళీ చేయమన్నవాళ్ళని చూసినట్టు చూసి, తీరిగ్గా దిగి వెళ్ళిపోయింది. కింద ఎలుక పరుపు వేసుకుంది. ఆ పరుపు మోటారుతో పాటు వచ్చిన పుస్తకం. కొరకగా మిగిలిన రెండు కాగితాల్లో ఒకటి మిక్సీ విప్పి పైకి చదివాడు. "మోటారు స్టార్టు కాకపోతే మొదట చూడవలసినది" అని ఉంది. ఆ తరవాతది ఎలుక తినేసింది. సరంగు ఆ ఎలుకకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

మిక్సీ పనిమంతుడే, ఆ మాట ఒప్పుకోవాలి. కందిరీగల గూడు పొడిచి దులిపాడు. కార్బురేటరు విప్పితే లోపల పదకొండేళ్ళ కిందటి పెట్రోలు ఎండి బెల్లంపాకంలా గట్టిపడి ఉంది. టూత్‌బ్రష్ అడిగాడు. సరంగు భార్య వెంటనే తెచ్చిచ్చింది. అది సరంగుదేనని అతను రాత్రి పళ్ళు తోముకోబోయి కనిపెట్టాడు. సన్నటి బెజ్జాలన్నీ తీగముక్కతో పొడిచి, ప్లగ్గు ఉప్పుకాగితంతో రుద్ది, మోటారు కాల్లో నీళ్ళు తోడే రబ్బరు పంకా బీటలు వారితే తన దగ్గరున్న కూలరు పంపులోంచి ఒకటి కోసి అమర్చాడు. తాడు చివికిపోతే బట్టలారేసే నైలాన్ తాడు కట్టాడు. ఈ పనికి గురువారం, శుక్రవారం గడిచిపోయాయి. ఆ రెండు రోజులూ సరంగు స్పానర్లు అందిస్తూ, మధ్య మధ్య మాయమై ఇంట్లో ఎక్కడో ఒకచోట తల దూరుస్తూ గడిపాడు. కొట్లో నాలుగొందల కుర్చీలు ఒక్కొక్కటే తిరగేసి బోలు కాళ్ళలో చూశాడు. మూడు సాలీళ్ళు, ఒక చిల్లర నాణెం దొరికాయి.

ఈ మోటార్లని పొడిమీద తిప్పకూడదు, కాలు నీళ్ళలో ఉండాలి. శనివారం పొద్దున స్నానాల గదిలోని నీళ్ళ డ్రమ్ము పెరట్లోకి దొర్లించి, నింపి, మోటారుని దాని అంచుకి తగిలించారు. మిక్సీ తాడు లాగాడు. లాగాడు. మళ్ళీ లాగాడు. మోటారు పక్కకి తిరిగి పడుకున్న మనిషిలా గుర్రుమని ఊరుకుంది. ప్లగ్గు బయటికి తీసి ఇనుముకి ఆనించి లాగితే నిప్పురవ్వ లేదు. మిక్సీ తల గోక్కుని, లోపల రవ్వ పుట్టించే కాయిలు కాలిపోయి ఉంటుందనీ, నగరం నుంచి తెప్పించాలంటే పదిహేను రోజులనీ చెప్పాడు.

సరంగు భార్య డ్రమ్ము పక్కన మట్టిలో కూర్చుండిపోయింది. మడిచి పెట్టుకున్న నాలుగు చీరలూ, అక్కకని కొన్న మెత్తటి దిండూ వరండాలో సంచిలో ఉన్నాయి. సరంగు ఆ సంచి వైపు చూశాడు. పదమూడో ఎక్కానికి భయపడి ఇంతమందిని ఇంత దూరం తెచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. తెరిచిన నోటిని ఆవులింతగా మార్చి మూసేశాడు. పదకొండేళ్ళ అలవాటు మరి.

అయితే ఒక ఉపాయం తట్టింది. దండెం మీద నుంచి చెక్క బట్టలక్లిప్పు ఒకటి లాక్కొచ్చాడు. మిక్సీని పక్కకి జరగమని, నల్లటేపు చింపి, బొత్తాం పైకిలాగి దాని కిందకి ఆ చెక్కక్లిప్పు దోపాడు. ఎడంచేత్తో తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

మోటారు పెద్దగా అరిచి లేచింది. డ్రమ్ములో నీళ్ళు ఎగిరి ముగ్గురినీ తల నుంచి కాళ్ళ దాకా తడిపేశాయి. నీలం పొగ పెరడంతా కమ్ముకుంది. ఎక్కడో మిగిలిన ఎలుక ఒకటి డ్రమ్ము పక్క నుంచి దూకి కుర్చీల కొట్టువైపు పారిపోయింది. మూడంటే మూడే క్షణాలు. ఆ అదురుకి చెక్కక్లిప్పు ఎగిరొచ్చి మిక్సీ నుదుటికి కొట్టుకుంది, మోటారు ఠక్కున ఆగింది.

నిశ్శబ్దంలో డ్రమ్ము నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. మిక్సీ నుదురు రుద్దుకుంటూ బొత్తాం దగ్గరికి వంగి చూశాడు. టేపు చూశాడు. సరంగుని చూశాడు.

"పిన్నీ, కాయిలు బానే ఉంది. ఇక్కడ ఉండాల్సిన క్లిప్పేదో లేదు. ఎవరో కావాలని తీసి టేపు చుట్టారు."

సరంగు చొక్కా కొనల నుంచి నీళ్ళు కారుతున్నాయి. గుండీలు లెక్క తప్పి పెట్టుకున్నాడని అప్పుడే గమనించాడు.

"నేనే తీశాను," అన్నాడు. "మీ అక్క ఎక్కం అడుగుతుందని తీశాను. ఎక్కడ పెట్టానో తెలియడంలేదు. మూడు రోజుల నుంచీ అదే వెతుకుతున్నాను."

ఆవిడ లేచి చీరకంటిన మట్టి దులుపుకుంది. ఇంట్లోకి వెళ్ళింది. మిక్సీ మర్యాద తెలిసినవాడు కాబట్టి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. లోపల గిన్నెలు పగులుతాయని సరంగు ఎదురుచూశాడు. ఏమీ పగల్లేదు. అది ఇంకా భయంగా ఉంది.

ఆవిడ తిరిగొచ్చింది. చేతిలో తాళాలగుత్తి ఉంది. గుమ్మం పక్క మేకుకి ఎప్పుడూ వేలాడే గుత్తే. ఇంటి తాళం, బీరువా తాళం, కుర్చీల కొట్టు తాళం, అన్నీ ఆకుపచ్చ ఊలుతో తొడుగు అల్లిన ఒక లావుపాటి తాడుకి ఉంటాయి. సరంగు రోజూ పొద్దున అది జేబులో వేసుకుని కొట్టుకి వెళతాడు, సాయంత్రం తెచ్చి మేకుకి తగిలిస్తాడు. ఆవిడ ఊలు ముడి విప్పి తొడుగు లాగింది. లోపల మెలికల తాడు. తాడు చివర ఎర్ర క్లిప్పు.

పదకొండేళ్ళపాటు రోజూ జేబులో పెట్టుకు తిరిగిన వస్తువు కోసం సరంగు మూడు రోజులు బియ్యంలో వెతికాడన్నమాట.

"నా గుండీల డబ్బాలో పెట్టారు," అందావిడ. "మీరు ఎప్పుడూ చూడని చోటు కదా అని పెట్టి ఉంటారు. నేను రోజూ చూసే చోటది. మర్నాడే దొరికింది. ఊలు తొడుగు అల్లి తాళాలకి తగిలించాను."

సరంగు అలవాటుగా జేబు తడుముకున్నాడు. చివరికి, మరి ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఆ అడగడం కూడా తప్పు చేసినవాడి గొంతుతోనే.

ఆవిడ మట్టిలోకి చూస్తూ, తాళాలు ఒక్కొక్కటే పక్కకి జరుపుతూ చెప్పింది. మొదట మీ మొహాన కొడదామనే అనుకున్నాను. కానీ ఆ ఆదివారం అయిదింటికి లేవక్కర్లేకపోయింది. ఎనిమిది దాకా పడుకున్నాను. లేచి జుట్టు విరబోసుకుని కాఫీ తాగాను, ఎవరూ దువ్వుకోమని అనలేదు. నన్నేమైనా అక్క వదిలేసేదా, మీకు ఎక్కాలైతే నన్ను దేశాల రాజధానులు అడిగేది. పై ఆదివారం చెబుదామనుకున్నాను. పై ఆదివారం కూడా ఎనిమిదింటికే లేచాను. అక్క ఫోనులో తిట్లన్నీ మిమ్మల్నే తిట్టేది. నాకు మంచిపేరూ దక్కింది, నిద్రా దక్కింది.

అంతవరకు చెప్పి ఆవిడ ఏడ్చేసింది.

"మీరు మోటారు ఆపారు. నిద్రపుచ్చింది నేను. మీరే వచ్చి చెబుతారని, చెబితే అప్పుడు తీసిద్దామని ఈ మూడు రోజులూ కూర్చున్నాను. అక్క అక్కడ ఒక్కతే పడి ఉంటే కూర్చున్నాను చూడండి, అదీ నా బుద్ధి."

సరంగు ఆవిడ పక్కన మట్టిలో కూర్చున్నాడు. ఇద్దరూ తడిసి ముద్దయి ఉన్నారు. దొందూ దొందే అని ఆకాశం వైపు చూస్తూనే మిక్సీ అన్నాడు. ఎవరితో అన్నాడో ఎవరూ అడగలేదు.

ఆదివారం ఎనిమిదిన్నరకి పడవ నీళ్ళలో ఉంది. మోయడానికి మిక్సీ, అతని దుకాణం వీధిలోవాళ్ళు నలుగురు వచ్చారు. మోటారు మూడో గుంజుకే అందుకుంది. క్లిప్పు నుంచి తాళాలు విప్పుదామంటే పదకొండేళ్ళ తుప్పుకి రింగు విడిరాలేదు. అందుకని బీరువా తాళం, కొట్టు తాళం, ఇంటి తాళం సరంగు మణికట్టు దగ్గర గజ్జెల్లా మోగుతుంటే ప్రయాణం సాగింది. ఏట్లో పడితే నేను పోయినా ఫరవాలేదు, ఇంట్లోకి ఎలా వెళతావో అదే దిగులని సరంగు భార్యతో అన్నాడు. ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని ముందుకే చూస్తోంది. కడుపులో దేవడం లేదు, ఏమీ లేదు. నీళ్ళ మీద ఆవిడ ఎప్పుడూ అంతే.

నడి ఏట్లో మోటారు దగ్గింది. మళ్ళీ దగ్గి ఆగిపోయింది. పడవ వాలుకి జారడం మొదలుపెట్టింది. ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగి, భర్త చేతివైపు, మోటారు మీద క్లిప్పువైపు చూసింది. ఈసారి నేను కాదని సరంగు రెండు చేతులూ పైకెత్తాడు. తరవాత తలకొట్టుకుని, పెట్రోలు డబ్బా మూత మీద గాలి మరమేకు వదులు చేశాడు. అది బిగించి ఉంటే డబ్బాలోకి గాలి పోదు, పెట్రోలు రాదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు మొదటిరోజు చేసే తప్పది. ఒకప్పుడు అలాంటివాళ్ళని చూసి పడీ పడీ నవ్విన సరంగు, ఈ సంగతి మిక్సీకి చెప్పొద్దని భార్యని బతిమాలుకున్నాడు.

వదిన ఇల్లు రేవుకి ఎదురుగానే. తలుపు తీసే ఉంది. కిటికీ పక్కకి జరిపించుకున్న మంచం మీద, తెల్లటి కట్టు కాలు ముందుకి చాపుకుని, దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. గోడ మీద గడియారం తొమ్మిదీ నాలుగు నిమిషాలు చూపిస్తోంది. ఆవిడ గడియారం వైపు చూసింది. తరవాత వాళ్ళవైపు చూసింది.

"పదకొండేళ్ళ నాలుగు నిమిషాలు ఆలస్యం," అంది.

చెల్లెలు వెళ్ళి మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. వదిన వీపు నిమిరింది. స్టూలు మీద నుంచి పడ్డప్పుడే కళ్ళజోడు పగిలింది కాబట్టి ఆవిడ కళ్ళు అద్దాలు లేకుండా సరంగు మొదటిసారి చూశాడు. చిన్న కళ్ళు. చుట్టూ ముడతలు. ఈవిడకి తను ఎందుకంత భయపడ్డాడో అర్థం కాలేదు.

చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి గ్లాసులు ఎక్కడున్నాయని అడిగింది. వదిన మామూలుగా, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పింది.

"పైఅరలో ఉన్నాయి. దుమ్ము పట్టి ఉంటాయి, కడుగు. మీరు రావడం మానేశాక కూడా ఏడాది పాటు ఆదివారం మూడు గ్లాసులు తీసి పెట్టేదాన్ని. తరవాత ఒకటే చాల్లే అనిపించింది."

వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. సరంగు నేలవైపు చూశాడు. మోటారుకి ఏమొచ్చిందయ్యా అన్నేళ్ళు అని వదిన అడిగితే, చిన్న పార్టు దొరకలేదు వదినా అన్నాడు. దొరికింది లే అక్కా అని వంటింట్లోంచి సన్నగా ఒక గొంతు వచ్చింది. అంతకు మించి చెప్పే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

అన్నానికి వేళయింది. కంచాలు పెట్టారు. సరంగు అలవాటుగా గోళ్ళు చూసుకుని, గుండీలు సరిచూసుకుని నిలబడ్డాడు. వదిన ఏమీ అడగలేదు. కళ్ళు మూసుకుని దిండుకి ఆనుకుంది. కూర్చుని తినవయ్యా, ఎంతసేపు నిలబడతావు అంది. ఆ మాట వినగానే సరంగుకి నిజంగా భయమేసింది. ఏరు పొంగినప్పుడు కూడా అంత భయం వేయలేదు. నొప్పికి ఓపిక లేక అడగడం లేదో, అడగడానికి మనుషులు లేక అలవాటు తప్పిందో, ఏదైనా సరే ఆ నిశ్శబ్దం అతనికి నచ్చలేదు.

చేతులు కట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అడక్కుండానే మొదలుపెట్టాడు.

"పదమూడు ఒకట్లు పదమూడు. పదమూడు రెండ్లు ఇరవై ఆరు."

వదిన కళ్ళు తెరవలేదు. సరంగు మెట్టు మెట్టుగా ఎక్కాడు. ఆరు దాకా సరిగ్గా చెప్పాడు.

"పదమూడు ఏడ్లు ఎనభై," అన్నాడు.

ఎంతో అతనికి ఇప్పుడు తెలుసు. దోమతెర కింద, కుర్చీల మధ్య, పళ్ళు తోముకుంటూ పదకొండేళ్ళుగా ఆ లెక్క అతన్ని వెంటాడుతూనే ఉంది. వదిన కదల్లేదు.

"పదమూడు ఎనిమిదులు తొంభై," అన్నాడు ఇంకొంచెం గట్టిగా.

ఒక కన్ను తెరుచుకుంది. తరవాత రెండోది. మోచేతులు ఆనించి ఆవిడ దిండు మీద నుంచి పైకి జరిగింది.

"నూట నాలుగు. ఏడ్లు ఎంతన్నావు?"

"ఎనభై, వదినా."

"తొంభై ఒకటి. ఇంతకాలమూ ఏం చేస్తున్నావయ్యా నువ్వు? మళ్ళీ మొదట్నుంచీ చెప్పు. చేతులు సరిగ్గా కట్టుకో."

అన్నం చల్లారిపోయింది. సరంగు మొదట్నుంచీ చెప్పాడు. ఈసారి తొమ్మిది దగ్గర తప్పాడు. వదిన మొహంలోకి రంగు వచ్చింది. వంటింటి గుమ్మంలో చెల్లెలు గరిట పట్టుకుని నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియదు. తినేసి వచ్చి రాజధానులు చెప్పాలని ఆవిడకీ ఆజ్ఞ అయింది.

సరంగు భార్య ఆరు వారాలు అక్కడే ఉండిపోయింది. ఆ సాయంత్రం అతను ఒక్కడే పడవెక్కాడు. వచ్చే ఆదివారం తొమ్మిదింటికి రావాలనీ, పద్నాలుగో ఎక్కం నేర్చుకుని రావాలనీ కిటికీలోంచి కేకలు వినిపించాయి.

అతను మంగళవారమే బయల్దేరాడు. రేవులో పడవ నీళ్ళలోకి నెట్టడానికి సాయం పట్టిన మిక్సీ, ఇవాళేం పని బాబాయ్, ఆదివారం కదా రమ్మన్నారని అడిగాడు. సరంగు తాళాలగుత్తి మణికట్టుకి తగిలించుకుంటూ, ఇలాంటి మోటార్లు వారానికి రెండుసార్లన్నా తిప్పకపోతే కార్బురేటరు పట్టేస్తుందని చెప్పాడు. మిక్సీ నిజమే అన్నట్టు తలూపాడు. ఈ అబద్ధమూ బాగానే అతికింది. సరంగు గాలి మరమేకు ఒకసారి చూసుకుని తాడు గుంజాడు. పద్నాలుగు ఒకట్లు పద్నాలుగు అనుకుంటూ ఏట్లోకి వెళ్ళిపోయాడు.